డబుల్స్ ఆటకు ఏ రాకెట్ తీసుకోవాలి? హెడ్ హెవీనా, ఈవెన్ బ్యాలెన్సా, హెడ్ లైటా?

పటమట_డబుల్స్ (విజయవాడ)

అందరికీ నమస్కారం. నా వయసు 39. పొద్దున్నే ఆఫీసుకి వెళ్లేముందు పటమట దగ్గర ఇండోర్ కోర్టులో ఆడతాను. మా బ్యాచ్ అంతా డబుల్సే, సింగిల్స్ జోలికి ఎవరూ పోరు. ఇన్నాళ్లూ నైలాన్ కాక్‌తో ఆడాం, ఈమధ్య ఫెదర్ (ఈకల) కాక్‌కి మారాం. అప్పట్నుంచి నా పాత రాకెట్ ఆటకి సరిపోవట్లేదనిపిస్తోంది.

పాతది 3యూ (కాస్త బరువైన రకం), హెడ్ హెవీ (తల వైపు బరువు ఎక్కువ), షాఫ్ట్ (తలకీ హ్యాండిల్‌కీ మధ్య కడ్డీ) బాగా గట్టిది. స్మాష్ బాగానే పడుతుంది. కానీ అవతలివాళ్లు స్మాష్ కొడితే రాకెట్ ఆలస్యంగా లేస్తోంది. నెట్ మీద వేగంగా డ్రైవ్‌లు (నేలకి సమాంతరంగా కొట్టే దెబ్బలు) నడిచేటప్పుడు మొదటి రెండూ తీస్తాను, మూడోది పోతుంది. ఆట అయ్యాక మోచేయి పట్టేసినట్టు ఉంటోంది.

బడ్జెట్ గట్టింగ్‌తో (రాకెట్‌కి తీగలు అల్లించడంతో) కలిపి ఏడు వేలు. గవర్నర్‌పేటలో ఒక షాపులో అడిగితే, "స్మాష్ కావాలంటే హెడ్ హెవీనే తీసుకోండి సార్, గట్ 28 పౌండ్ల బిగువుతో వేసిస్తాం" అన్నారు. నాకు నమ్మకం కుదరలేదు. డబుల్స్ ఎక్కువగా ఆడేవాళ్లు ఎవరైనా చెప్పండి.

బ్రాడీపేట_బ్యాక్‌కోర్ట్ (గుంటూరు)

షాపువాళ్లు చెప్పిన దాంట్లో తప్పేముందండీ? డబుల్స్ అంటేనే అటాక్. సర్వీస్ తక్కువ ఎత్తులో వేయడం, కాక్ లేపించడం, వెనక నుంచి కొట్టడం. అవతలివాడు లేపాక మన దెబ్బలో బరువు లేకపోతే వాడు హాయిగా తీసేస్తాడు. ర్యాలీ సాగుతుంది, చివరికి అలిసిపోయేది మనమే.

నేను చాలాకాలంగా హెడ్ హెవీతోనే ఆడుతున్నాను. మన డబుల్స్ ఆటగాడు సాత్విక్‌సాయిరాజ్‌ని చూడండి. అమలాపురం కుర్రాడు గంటకి 565 కిలోమీటర్ల వేగంతో స్మాష్ కొట్టి గిన్నిస్ రికార్డు పెట్టాడు. డబుల్స్‌లో గెలిపించేది ఆ దెబ్బే కదా. తల బరువుంటేనే కాక్‌లోకి బలం దిగుతుంది. డిఫెన్స్ సాధనతో వస్తుంది, రాకెట్‌తో రాదు.

షటిల్_మాస్టారు (గుంటూరు)

పటమట గారూ, రాకెట్ పేరు చెప్పేముందు కొన్ని సంగతులు తెలియాలి.

మీరు పాయింట్లు ఎక్కడ పోగొట్టుకుంటున్నారు? వెనక నుంచి కొట్టిన స్మాష్ అవతలివాళ్లు తీసేస్తున్నందుకా, లేక మీ మీదికి వచ్చింది తీయలేకనా? మీ జోడీలో ఎక్కువసేపు ముందుండేది ఎవరు? ప్రస్తుతం గట్ ఏది, ఎన్ని పౌండ్లు, వేయించి ఎన్నాళ్లయింది? వెనక గీత దగ్గర నిలబడి ఫెదర్ కాక్‌ని అవతలి వెనక గీత దాకా తేలిగ్గా పంపగలరా?

ఇవి తెలియకుండా మోడల్ పేరు చెబితే మీ డబ్బు వృథా అవుతుంది.

పటమట_డబుల్స్ (విజయవాడ)

మాస్టారూ, ధన్యవాదాలు. పాయింట్లు పోయేది ఎక్కువగా డిఫెన్స్‌లోనూ డ్రైవ్‌ల్లోనూ. స్మాష్‌తో నాకు పెద్ద ఇబ్బంది లేదు. నా జోడీ పొడగరి, వెనక కొట్టడం అతనికి ఇష్టం. అందుకని సగానికి పైగా నేనే ముందుంటాను. కానీ మాది క్లబ్బు ఆట కాబట్టి తిరుగుతూనే ఉంటాం, ఒకచోట నిలబడటం కుదరదు.

గట్ ఏదో తెలియదు. రెండేళ్ల కిందట 27 వేయించినట్టు గుర్తు. తెగలేదు కాబట్టి అలాగే ఉంచాను. ఫోర్‌హ్యాండ్ వైపు నుంచి క్లియర్ (వెనక గీత దాకా ఎత్తుగా పంపే దెబ్బ) వెళ్తుంది, బ్యాక్‌హ్యాండ్ నుంచి సగమే వెళ్తుంది.

షటిల్_మాస్టారు (గుంటూరు)

ఇప్పుడు బొమ్మ స్పష్టంగా ఉంది. కొంచెం వివరంగా రాస్తాను, మిగతావాళ్లకీ పనికొస్తుంది.

డబుల్స్‌కి రాకెట్ చూసేటప్పుడు మొదటి దెబ్బని కాదు, రెండో దెబ్బని చూడాలి. కొట్టిన తర్వాత రాకెట్ ఎంత త్వరగా మళ్లీ ముందుకొచ్చి నిలబడుతుందన్నదే అసలు ప్రశ్న. సింగిల్స్‌లో ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య కాస్త ఊపిరి తీసుకునే వ్యవధి ఉంటుంది. డబుల్స్‌లో నలుగురు దగ్గర దగ్గరగా నిలబడి డ్రైవ్‌లు కొట్టుకునేటప్పుడు ఆ వ్యవధి ఉండదు. మీరు చెప్పిన "మూడోది పోతోంది" అన్నమాట సరిగ్గా ఇదే. మొదటి రెండూ తీశారంటే చూపు బాగుంది, చెయ్యి ఆడుతోంది. మూడోసారికి రాకెట్ తల ఇంకా వెనకే ఉంటోంది.

బరువు అంకెలు యోనెక్స్ కంపెనీ లెక్కలో ఇలా ఉంటాయి. 3యూ అంటే 85 నుంచి 89.9 గ్రాములు, 4యూ అంటే 80 నుంచి 84.9, 5యూ అంటే 75 నుంచి 79.9. గట్, పై గ్రిప్ లేకుండా చెప్పే బరువు ఇది. డబుల్స్‌లో ఎక్కువమందికి 4యూ చక్కగా కుదురుతుంది.

బరువు కంటే ఆ బరువు ఎక్కడుందన్నది ముఖ్యం. రాకెట్‌ని వేలి మీద అడ్డంగా నిలబెట్టి, అది తూగే చోటు హ్యాండిల్ అడుగు నుంచి ఎంత దూరంలో ఉందో కొలవండి. సుమారు 285 నుంచి 295 మిల్లీమీటర్ల మధ్య ఉంటే ఈవెన్, అంతకంటే పైన ఉంటే హెడ్ హెవీ, కింద ఉంటే హెడ్ లైట్. కంపెనీల మధ్య గీతలు అటూ ఇటూ మారతాయి గానీ, చేతికి తెలియడానికి ఈ కొలత చాలు.

యోనెక్స్‌లో ఆస్ట్రాక్స్ వరుస హెడ్ హెవీ, నానోఫ్లేర్ హెడ్ లైట్, ఆర్క్‌సేబర్ ఈవెన్. విక్టర్ కంపెనీలో థ్రస్టర్ బలానికి, ఆరాస్పీడ్ వేగానికి. ఆస్ట్రాక్స్ 88లో డి అని, ఎస్ అని రెండు వస్తాయి. డబుల్స్ జోడీని దృష్టిలో పెట్టుకుని చేసినవే అవి, డి వెనక ఆడేవాళ్లకి, ఎస్ ముందు ఆడేవాళ్లకి. ఈ విభజన బాగా ఆడే స్థిరమైన జోడీలకి ఉపయోగం. మీలా ర్యాలీ ర్యాలీకీ చోటు మారేవాళ్లు ఈవెన్ తీసుకోవడమే మంచిది.

షాఫ్ట్ సంగతి. గట్టి షాఫ్ట్‌ని వంచాలంటే చెయ్యి చాలా వేగంగా తిరగాలి. ఆ వేగం లేకపోతే షాఫ్ట్ వంగదు, బలం రాదు, అదురు మాత్రం మోచేతికి చేరుతుంది. వారానికి కొన్ని గంటలు ఆడే పెద్దవాళ్లకి మీడియం షాఫ్ట్ చాలు.

మన గుంటూరు కిదాంబి శ్రీకాంత్ 2018 ఏప్రిల్‌లో ప్రపంచ నంబర్ వన్ అయినప్పుడు నా దగ్గరికొచ్చే పిల్లలంతా ఆయన పట్టే రాకెట్టే కావాలన్నారు. ఆయన సింగిల్స్ ఆటగాడు, రోజంతా సాధన చేసే శరీరం. ఆ రాకెట్ పదమూడేళ్ల పిల్లాడి చేతిలో పెడితే భుజం పోతుంది. పెద్దవాళ్ల విషయంలోనూ నా మాట ఇదే.

లబ్బీపేట_మిక్స్‌డ్ (విజయవాడ)

మాస్టారి మాట నూటికి నూరుపాళ్లు నిజం. నేను మిక్స్‌డ్ డబుల్స్ ఆడతాను, ఎక్కువగా నెట్ దగ్గరే. 4యూ నుంచి 5యూ హెడ్ లైట్‌కి మారాక సర్వీస్ రిసీవ్ చేయడంలో చాలా తేడా తెలిసింది. కాక్ నెట్ దాటుతుండగానే రాకెట్ అక్కడుంటుంది.

ఒక్క ఇబ్బంది చెప్పాలి. వెనక్కి వెళ్లాల్సి వచ్చినప్పుడు 5యూతో ఫెదర్ కాక్‌ని చివరిదాకా పంపడం కష్టం. భుజం మొత్తం పెట్టి కొట్టాలి. అందుకని పటమట గారికి 5యూ సలహా ఇవ్వను, 4యూ దగ్గరే ఆగండి.

బ్రాడీపేట_బ్యాక్‌కోర్ట్ (గుంటూరు)

అదేనండీ నేనూ చెప్పేది. తేలిక రాకెట్‌తో నెట్ దగ్గర నాలుగు పాయింట్లు మిగిలితే, వెనక ఆరు పోతాయి. అందరూ తిరుగుతూ ఆడే క్లబ్బు ఆటలో వెనక్కి వెళ్లక తప్పదు. సాత్విక్ రికార్డు సంగతి ఎవరూ మాట్లాడలేదు.

లెక్కల_కాక్ (విజయవాడ)

బ్రాడీపేట అన్నా, సాత్విక్ రికార్డు గురించి నేను చెబుతాను, మీ వాదనకి అది వ్యతిరేకంగా ఉంది. 2023 ఏప్రిల్ 14న జపాన్‌లోని సైతామాలో, యోనెక్స్ ఫ్యాక్టరీ జిమ్‌లో కొట్టిన స్మాష్ అది. అంతకుముందు రికార్డు మలేషియా ఆటగాడు టాన్ బూన్ హియాంగ్‌ది, 2013లో 493 కిలోమీటర్లు. సాత్విక్ ఆ రోజు వాడింది నానోఫ్లేర్ 1000 జెడ్. నానోఫ్లేర్ హెడ్ లైట్ వరుస. ప్రపంచంలో అత్యంత వేగమైన స్మాష్ హెడ్ హెవీ రాకెట్ నుంచి రాలేదు.

ఇంకో విషయం. ఆ 565 అనేది కాక్ గట్ మీది నుంచి బయల్దేరిన క్షణంలో కొలిచిన వేగం. కాక్ బరువు 4.74 నుంచి 5.50 గ్రాములు, చుట్టూ 16 ఈకలు. గాలి దాన్ని చాలా త్వరగా ఆపేస్తుంది, అవతలి కోర్టుకి చేరేసరికి ఆ వేగంలో చాలావరకు పోతుంది. కాబట్టి క్లబ్బు ఆటలో పాయింటు తెచ్చేది వేగం ఒక్కటే కాదు, కోణం, పడే చోటు, ఆ వెనక వచ్చే రెండో దెబ్బ.

భౌతికశాస్త్రం కొంచెం చెబుతాను. చేతిలో రాకెట్ బరువుగా అనిపించడం, ఊపేటప్పుడు బరువుగా అనిపించడం రెండూ వేరు. ఊపేటప్పుడు అడ్డుకునేది బరువు ఒక్కటే కాదు, ఆ బరువు పిడికిలికి ఎంత దూరంలో ఉందో దాని వర్గంతో గుణించినంత. అందుకే తల దగ్గర పెరిగిన రెండు గ్రాములు చేతికి వెంటనే తెలుస్తాయి, హ్యాండిల్ దగ్గర పెరిగిన ఐదు గ్రాములు పెద్దగా తెలియవు. చాలామంది హెడ్ హెవీ రాకెట్‌కి రెండు మూడు గ్రిప్పులు చుట్టి "ఈవెన్ చేశాను" అంటారు. తూగే చోటు కిందికి జరుగుతుంది, నిజమే. కానీ తలలో ఉన్న బరువు అక్కడే ఉంటుంది, ఊపడంలో వచ్చే తేడా చాలా కొద్ది. పాత రాకెట్‌ని అలా మార్చుకుందామన్న ఆలోచన ఉంటే మానుకోండి.

బ్రాడీపేట_బ్యాక్‌కోర్ట్ (గుంటూరు)

నానోఫ్లేర్ అన్న సంగతి నాకు కొత్త. మంచి సమాచారం. అయినా నా అభిప్రాయం ఒకటి ఉంది. స్మాష్ టైమింగ్ ఇంకా కుదరనివాళ్లకి తలలో కాస్త బరువుంటే సాయపడుతుంది. చెయ్యి సగం ఊపినా కాక్ వెళ్తుంది. వెనకే ఉండి ఆడే నాకు అది కావాలి. పటమట గారిది ముందు ఆడే చోటు కాబట్టి ఆయనకి ఈవెన్ సరే.

గట్టింగ్_బెంచ్ (విజయవాడ)

నేను రాకెట్లకి గట్ వేసే పని చేస్తాను, అందుకే ఈ చర్చలో నాకు కనిపించింది ఒకటే. రెండేళ్ల గట్!

ఫ్రేమ్ గురించి ఇంత మాట్లాడుకున్నాం గానీ, కాక్‌ని తాకేది గట్. గట్ వేసిన మొదటి రోజు నుంచే టెన్షన్ (బిగువు) జారడం మొదలవుతుంది. తెగలేదంటే బాగుందని అర్థం కాదు. పాతబడి సాగే గుణం పోయిన గట్ కాక్‌ని ఎగరేయలేదు, అప్పుడు మనిషి బలమంతా పెట్టి కొడతాడు, మోచేయి పట్టేస్తుంది. మీ నొప్పిలో రాకెట్ వాటా ఎంతో గట్ వాటా ఎంతో కొత్త గట్ వేస్తే గానీ తెలియదు. వారంలో మూడు నాలుగు రోజులు ఆడేవాళ్లు మూడు నెలలకోసారి మార్పించుకోవాలని నేను చెబుతాను.

ఇక పౌండ్లు. టెన్షన్ పెంచితే స్మాష్ గట్టిగా పడుతుందని చాలామంది నమ్ముతారు. జరిగేది దానికి వ్యతిరేకం. తక్కువ టెన్షన్‌లో కొత్త గట్ సాగి కాక్‌ని ఎగరేస్తుంది, బలం సులువుగా వస్తుంది. ఎక్కువ టెన్షన్‌లో కంట్రోల్ వస్తుంది, దెబ్బ శబ్దం బాగుంటుంది, కానీ బలం మన చేతి నుంచి రావాలి. పైగా మధ్యలో సరిగ్గా తగలాల్సిన చోటు చిన్నదైపోతుంది. డిఫెన్స్‌లో కాక్ ఎప్పుడూ మధ్యలో తగలదు. 28 పౌండ్ల రాకెట్‌తో స్మాష్ తీస్తే కాక్ నెట్ దాకా వచ్చి పడిపోతుంది, 23తో తీస్తే అదే చెయ్యి కదలికకి వెనక గీత దాకా పోతుంది.

మీ ఆట చదివాక నా సలహా 23 లేక 24. అడ్డ గట్ నిలువు గట్ కంటే ఒక పౌండు ఎక్కువ వేయించండి, ఫ్రేమ్ ఆకారం నిలబడుతుంది. ఫ్రేమ్ మీద ఎంతవరకు వేయొచ్చో ముద్రించి ఉంటుంది, అది దాటితే వారంటీ మాట మర్చిపోవాలి.

యోనెక్స్ గట్ రకాల్లో బీజీ65 మందం 0.70 మిల్లీమీటర్లు, మన్నిక దానిదే. బీజీ80 0.68, గట్టిగా ఉంటుంది, మోచేయి నొప్పి ఉన్నవాళ్లకి నేను వేయను. బీజీ66 అల్టీమాక్స్ 0.65, ఎక్స్‌బోల్ట్ 63 పేరులోనే ఉంది, 0.63. సన్నగా ఉన్నకొద్దీ ఎగరడం, శబ్దం బాగుంటాయి, ఆయుష్షు తగ్గుతుంది. ఫ్రేమ్ అంచుకి దగ్గర తగిలితే సన్న గట్ ఠక్కున తెగుతుంది. మీకు బీజీ65 గానీ, దాని టైటానియం రకం గానీ చాలు.

ఇంకో మాట, అన్ని మెషిన్లూ ఒకటి కాదు. చేత్తో తిప్పే మెషిన్ మీద 24, ఎలక్ట్రానిక్ మెషిన్ మీద 24 చేతికి వేరువేరుగా అనిపిస్తాయి. ఒకే మనిషి దగ్గర, ఒకే మెషిన్ మీద వేయించుకుంటూ పోతే మీ అంకె ఏదో మీకే తెలుస్తుంది. నా దగ్గరికే రమ్మని చెప్పడం లేదు, మీకు దగ్గరలో ఎవరు శ్రద్ధగా వేస్తే వాళ్ల దగ్గరే వేయించండి.

పటమట_డబుల్స్ (విజయవాడ)

చాలా ఉపయోగపడింది. గట్ గురించి ఇంతవరకు ఎవరూ ఇలా చెప్పలేదు. నా జోడీ మాత్రం "కనీసం 26 వేయించు, లేకపోతే కాక్ అంతా అవుట్ పోతుంది" అంటున్నాడు. ఎండాకాలంలో నిజంగానే నా క్లియర్లు అవుట్ పోతుంటాయి.

లెక్కల_కాక్ (విజయవాడ)

దానికి కారణం రాకెట్ కాదండీ, కాక్. మే నెలలో మన బెజవాడ రేకుల షెడ్లలో గాలి వేడెక్కి పలచబడుతుంది. కాక్‌కి అడ్డు తగ్గి ఎక్కువ దూరం పోతుంది. అందుకే ఫెదర్ కాక్ డబ్బా మీద వేగం అంకె ఉంటుంది. చలికాలంలో 77 తెచ్చుకునేవాళ్లు ఎండాకాలంలో 76కి మారాలి, అంకె తగ్గితే వేగం తగ్గుతుంది.

దీనికి నిబంధనల్లోనే పరీక్ష ఉంది. వెనక గీత మీద నిలబడి, కింద నుంచి పైకి పూర్తి బలంతో, పక్క గీతకి సమాంతరంగా కొట్టాలి. కాక్ అవతలి వెనక గీతకి 530 నుంచి 990 మిల్లీమీటర్ల ముందు పడితే ఆ రోజుకి ఆ కాక్ సరైన వేగంతో ఉన్నట్టు. ఆట మొదలయ్యేముందు ఒక్క నిమిషం పని. ఇది చేయకుండా పౌండ్లు పెంచుకుంటూ పోతే మోచేయి దెబ్బతింటుంది.

అరండల్‌పేట_సీనియర్ (గుంటూరు)

నమస్కారం. నేను కుర్రతనంలో బాల్ బ్యాడ్మింటన్ ఆడి, తర్వాత షటిల్‌కి వచ్చినవాణ్ణి. మా తరంలో ఈ జిల్లాల్లో అలా వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ ఆటలో ఉన్ని బంతి 27 నుంచి 30 గ్రాములు. దాన్ని పంపాలంటే రాకెట్‌ని గట్టిగా పట్టుకుని భుజంతో కొట్టాలి. ఐదు గ్రాముల కాక్‌కి ఆ పట్టు పనికిరాదు.

మోచేయి నొప్పి అన్నారు కాబట్టి చెబుతున్నాను, మీరు హ్యాండిల్ ఎలా పట్టుకుంటున్నారో ఒకసారి చూసుకోండి. పిచ్చుకని పట్టుకున్నట్టు వదులుగా పట్టుకోవాలి, కాక్ తగిలే క్షణంలో మాత్రమే వేళ్లు బిగించాలి. డబుల్స్‌లో డిఫెన్స్ అంతా వేళ్ల పని. గ్రిప్ సన్నగా ఉండి చెమటకి జారుతుంటే మనకి తెలియకుండానే బిగిస్తాం, ఆ బిగింపు మోచేతి బయటి ఎముక దగ్గర పేరుకుంటుంది. నొప్పి తగ్గకపోతే మాత్రం కొన్నాళ్లు ఆట ఆపి డాక్టర్‌కి చూపించండి, దాన్ని లాగించుకుంటూ పోతే టీ గ్లాసు ఎత్తడం కూడా కష్టమవుతుంది.

హ్యాండిల్ మందానికి జీ అంకెలు ఉంటాయి, యోనెక్స్‌లో జీ4 కంటే జీ5 సన్నం. సన్నది కొనుక్కుని పైన గ్రిప్ చుట్టుకుని మందం పెంచుకోవచ్చు, లావుది కొంటే తగ్గించుకోలేం. అన్ని కంపెనీల అంకెలూ ఒకేలా ఉండవు, కొనేముందు చేత్తో పట్టి చూడండి.

లబ్బీపేట_మిక్స్‌డ్ (విజయవాడ)

గ్రిప్ మాట వచ్చింది కాబట్టి నా అనుభవం. కృష్ణ ఒడ్డున ఉక్కపోత అంతా ఇంతా కాదు. మామూలు గ్రిప్ మీద చెమట నిలబడి రాకెట్ జారిపోతుంటే, టవల్ గ్రిప్‌కి మారాను. చెమట పీల్చుకుంటుంది. త్వరగా మాసిపోతుంది, వాసన వస్తుంది, తరచూ మార్చాలి. అయినా వేసవికి అదే నయం.

ఇంకోటి, రాకెట్‌ని కారు డిక్కీలో వదిలేయకండి. ఎండలో నిలబడిన కారు లోపలి వేడికి గట్ సాగిపోతుంది.

సిద్ధార్థ_స్టూడెంట్ (విజయవాడ)

అన్నలూ, మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. హాస్టల్ కోర్టులో ఆడతాను, బడ్జెట్ రెండు వేలు. డబుల్స్‌కి ఏది తీసుకోవాలి?

షటిల్_మాస్టారు (గుంటూరు)

తమ్ముడూ, ఒక్కటి చూసుకో. ఫ్రేమ్, షాఫ్ట్ రెండూ పూర్తి గ్రాఫైట్‌ది తీసుకో. అల్యూమినియం తల, స్టీలు షాఫ్ట్ ఉన్నవి వద్దు. 4యూ గానీ 5యూ గానీ, షాఫ్ట్ మెత్తగా వంగేది. ఫ్యాక్టరీ గట్ తీసేసి బీజీ65 22 పౌండ్లతో వేయించు. మిగిలిన డబ్బు కాక్‌లకి పెట్టు. నైలాన్‌తో ఆడేటట్టయితే టోపీ దగ్గర పట్టీ రంగు చూసి కొను. ఆకుపచ్చ నెమ్మది, నీలం మధ్యస్థం, ఎరుపు వేగం.

భవానీపురం_లెఫ్టీ (విజయవాడ)

డూప్లికేట్ల గురించి ఎవరూ రాయలేదు. ఆన్‌లైన్‌లో ఖరీదైన రాకెట్ సగం ధరకి కనిపిస్తే దగ్గరికి కూడా పోకండి. నాకు ఒకటి అలాగే వచ్చింది. పెయింటు, అక్షరాలు అచ్చు అసలుదానిలాగే ఉన్నాయి. 24 పౌండ్లకే ఫ్రేమ్ పక్కన చీలిక వచ్చింది. బిల్లు అడిగితే ఎవరూ పలకలేదు.

కొనేటప్పుడు హోలోగ్రామ్, రాకెట్ మీద సీరియల్ నంబరు, జీఎస్టీ బిల్లు మూడూ చూడండి. ఒకే పేరులో ప్రో, టూర్, గేమ్, ప్లే అని శ్రేణులు వస్తాయి. పేరు ఒకటే అయినా లోపలి పదార్థం, షాఫ్ట్, ధర వేరు. ప్రో పేరు చెప్పి ప్లే అంటగట్టేవాళ్లున్నారు, అట్ట మీద కాకుండా రాకెట్ మీదే చదవండి.

గట్టింగ్_బెంచ్ (విజయవాడ)

ఏడు వేల బడ్జెట్‌కి ప్లే శ్రేణి సరిగ్గా సరిపోతుంది. నా బెంచి మీదికి రోజూ వచ్చే రాకెట్లు చూసి చెబుతున్నాను, క్లబ్బు ఆటకి ప్లే శ్రేణి ఫ్రేమ్, మంచి గట్, సరైన టెన్షన్ ఉంటే చాలు. పాతిక వేల రాకెట్‌కి చచ్చిన గట్ ఉంటే దానికంటే ఇదే బాగా ఆడుతుంది.

షటిల్_మాస్టారు (గుంటూరు)

పటమట గారూ, కొనేముందు ఇంకో పని చేయండి. మీ కోర్టులో ఎవరి దగ్గరైనా ఈవెన్ ఒకటి, హెడ్ లైట్ ఒకటి అడిగి తీసుకోండి. షాపులో గాల్లో ఊపితే ఏమీ తెలియదు. మీ జోడీని సర్వీస్ గీత దగ్గర నిలబెట్టి, ఎదురెదురుగా ఛాతీ ఎత్తులో డ్రైవ్‌లు ఆపకుండా కొట్టండి. ఏ రాకెట్‌తో మూడోది, నాలుగోది కూడా శరీరానికి ముందే తగులుతోందో చూడండి. తర్వాత అతన్ని వెనక నుంచి మీ కుడి తుంటి మీదికి స్మాష్ కొట్టమనండి. డబుల్స్‌లో తీయడానికి అన్నిటికంటే ఇబ్బందిగా ఉండే చోటు అదే. ఆఖర్న బ్యాక్‌హ్యాండ్ క్లియర్ ఒకటి చూడండి. స్మాష్ పరీక్ష పెట్టుకోకండి, స్మాష్ అన్నిటితోనూ బాగానే అనిపిస్తుంది.

పటమట_డబుల్స్ (విజయవాడ)

మాస్టారూ, మీరు చెప్పినట్టే చేశాను. మా బ్యాచ్‌లో ఒకాయన దగ్గర నానోఫ్లేర్, ఇంకొకాయన దగ్గర ఆర్క్‌సేబర్ ఉన్నాయి. డ్రైవ్‌ల్లో నానోఫ్లేర్ అన్నిటికంటే వేగంగా తిరిగింది. కానీ దాంతో బ్యాక్‌హ్యాండ్ క్లియర్ నాకు ఇంకా పొట్టిగా పడింది, నా టైమింగ్ అంత బాగాలేదు. ఆర్క్‌సేబర్‌తో డ్రైవ్‌ల్లో నాలుగోది కూడా తీయగలిగాను, క్లియర్ కూడా పాతదానికంటే లోతుగా వెళ్లింది. తుంటి మీది స్మాష్ రెండింటితోనూ పాతదానికంటే బాగా తీశాను.

ఆర్క్‌సేబర్ ప్లే శ్రేణిలో 4యూ, జీ5 తీసుకున్నాను. బీజీ65 టైటానియం, నిలువు 23, అడ్డం 24. బిల్లు, హోలోగ్రామ్ చూసుకున్నాను. బడ్జెట్ దాటలేదు.

స్మాష్‌లో కొంత బరువు తగ్గింది, అది నిజం, బ్రాడీపేట గారు చెప్పినట్టే. దానికి బదులు ఇప్పుడు శరీరం మీదికి, ఇద్దరి మధ్యలోకి కొడుతున్నాను. మోచేయి పట్టేయడం తగ్గుతోంది, పూర్తిగా పోలేదు. సీనియర్ గారు చెప్పిన పట్టు సాధన చేస్తున్నాను.

పాత 3యూ రాకెట్‌ని ఏం చేయాలి? అమ్మేయనా?

గట్టింగ్_బెంచ్ (విజయవాడ)

అమ్మకండి. దానికీ 22తో గట్ వేయించి బ్యాగులో ఉంచుకోండి, ఆట మధ్యలో కొత్తదాని గట్ తెగితే పనికొస్తుంది. తెగినప్పుడు మాత్రం అలాగే ఇంటికి తీసుకెళ్లకండి. ఒకవైపు టెన్షన్ పోయి ఇంకోవైపు ఉంటే ఫ్రేమ్ వంకర పోతుంది. కోర్టులోనే కత్తెర తీసుకుని మధ్య నుంచి మొదలుపెట్టి నిలువు, అడ్డం మార్చి మార్చి కత్తిరించేయండి.

బ్రాడీపేట_బ్యాక్‌కోర్ట్ (గుంటూరు)

శుభాకాంక్షలు పటమట గారూ. ఆదివారాలు మేం గుంటూరులో ఆడతాం, మీ జోడీతో ఒకసారి రండి. మీ కొత్త రాకెట్ డిఫెన్స్ ఎలా ఉందో వెనక నుంచి కొట్టి చూస్తాను.

పటమట_డబుల్స్ (విజయవాడ)

తప్పకుండా అన్నా. వచ్చే ఆదివారం కుదురుతుందేమో మా వాణ్ణి అడిగి చెబుతాను. కాక్ ఏ స్పీడు వాడతారు, 76నా 77నా?

బ్రాడీపేట_బ్యాక్‌కోర్ట్ (గుంటూరు)

ఇప్పుడు 77. ఎండలు ముదిరాక 76కి మారతాం.